గడప అవతలి ఎత్తు

ఎర్ర దీపం పచ్చగా మారేదాకా కూర్చోమంది కొట్టావిడ. బ్యాటరీ ఎండిపోయి ఉందట, పెట్టెలో ఎన్నాళ్ళ నుంచి పడి ఉందో, గంటసేపన్నా కరెంటు తాగితే గాని కదలదట. కదిలితే గాని ఆ బొమ్మ గడప ఎక్కుతుందో లేదో తెలియదు, ఎక్కుతుందని తెలిస్తే గాని నేను కొనను, కొనకుండా ఇంటికి పోలేను. ఇంత మాట నేను ఆవిడతో అనలేదు. ఆడించి చూడాలమ్మా అన్నాను, అంతే. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఆడుకునేది నువ్వేనా బాబాయ్?" అని నవ్వి ఒక స్టూలు ఇటు తోసింది. కూర్చున్నాను. మోకాలు కలుక్కుమంది. ఎదురుగా బల్ల మీద బొమ్మ ట్యాంకు, దాని పొట్టలోంచి తీసిన బ్యాటరీ, బ్యాటరీకి సన్నటి తీగ, తీగ చివర గోడకి గుచ్చిన నల్ల డబ్బా, ఆ డబ్బా మీద ఆవగింజంత ఎర్ర దీపం. రేవులో పనిచేసిన వాడికి ఎర్ర దీపమంటే ఒకటే అర్థం, ఆగు. ఇక్కడేమో అది వెలుగుతున్నంతసేపూ లోపల పని జరుగుతున్నట్టట. నాకు నమ్మకం కుదరడం లేదు. పనంటే కనబడాలి, తాడు బిగియాలి, బరువు కదలాలి, నేల మీద నీడ జరగాలి. ఇది ఉలకదు పలకదు. నా కూతురు నన్ను అనేదీ అదే, బెల్లం కొట్టిన రాయి అని. రాయి ముందు రాయిని కూర్చోబెట్టినట్టుంది ఇప్పుడు. పైన పంకా తిరుగుతోంది, మధ్య మధ్య దాని జోరు తగ్గుతోంది, తగ్గినప్పుడల్లా నా కళ్ళు దీపం మీదికి పోతున్నాయి, ఆరిందేమో అని. ఆరలేదు. ఇంకా ఆరలేదు. కరెంటు పోతే ఏం చెయ్యాలి. పోదులే. పోతే.

ఇలాంటివి కొట్లో మూడున్నాయి. పెద్దది అద్దాల బీరువాలో ఉంది, దాని చక్రాల చుట్టూ ఉన్న పట్టీలు ఇనుపవి, నడుస్తుంటే వెనక నుంచి పొగ కూడా వస్తుందట, దాని వైపు నేను ఒకసారి చూసి మళ్ళీ చూడలేదు, చూస్తే ఆశ పుడుతుంది. రెండోది నడిమిది, దానికి కావలసింది కూడా నా జేబులో లేదు. మూడోది ఇది, పట్టీలు రబ్బరువి, ఒంటికి ఆకుపచ్చ రంగు, ఒక పక్క రంగు కాస్త గీసుకుపోయింది. పిండి కొద్దీ రొట్టె. కానీ పిండి తక్కువైతే రొట్టె చిన్నదవుతుందే గాని రొట్టె కాకుండా పోదు, ఇది అలా కాదు, ఎక్కితే ట్యాంకు, ఎక్కకపోతే ఒట్టి ఆకుపచ్చ డబ్బా. పెద్దదైతే తప్పకుండా ఎక్కుతుందని కొట్టావిడే అంది. చిన్నది సంగతేంటమ్మా అంటే, "నేనెప్పుడూ గడపలెక్కించి చూడలేదు బాబాయ్, తెరిచిన పెట్టె మాత్రం వెనక్కి తీసుకోను, నీకోసం తెరిచానంటే నువ్వు పెద్దవాడివని" అంది. మంచి మనిషే. నోట్లో నువ్వు గింజ నానని మనిషి, నేను వచ్చినప్పటి నుంచి తన చెల్లెలి కాపురం, పక్క మందుల కొట్టువాడి పిసినారితనం, బొమ్మలు పంపే వాడు చేసే మోసం, అన్నీ చెప్పేసింది. నేను చొక్కా జేబులోంచి దారం తీసి చూపించాను. ఒక చివర్నుంచి ముడిదాకా, ఇంత ఎత్తు ఎక్కాలి. ఆవిడ దారాన్నీ నన్నూ చూసి, "గడప కొలత తెచ్చుకున్నావా, పెళ్ళికూతురి గాజు కొలత తెచ్చినట్టు" అంది. అంకెలు నాకు చదవడం వచ్చు గాని వాటి మీద నమ్మకం లేదు. మూడో తరగతితో బడి వదిలాను. దారానికి ముడి వేస్తే ఆ ముడి అబద్ధమాడదు. పొద్దున నా మనవరాలు నిద్రలో ఉన్నప్పుడు, కూతురు పెరట్లో ఉన్నప్పుడు, హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని దాని గది గడప పక్కన దారం నిలబెట్టి ముడి వేశాను. రెండు వేళ్ళు అడ్డంగా పెడితే ఎంతో అంత. ఇది ఎక్కుతుంది, ఎక్కాలి, రెండు వేళ్ళేగా.

తల ఊపకుండా ఉండాల్సింది. ఊపాను. నిన్న సాయంత్రం పిల్ల గోడ వైపు మొహం పెట్టుకునే అడిగింది, తాతా, ట్యాంకు గడప ఎక్కుతుందా అని. ఆసుపత్రి నుంచి వచ్చి గోడ వైపు తిరిగాక తనంతట తాను అడిగిన మొదటి మాట అది. అప్పటిదాకా తింటావా అంటే వద్దు, తాగుతావా అంటే ఊఁ, నొప్పా అంటే ఏమీ లేదు. గోడకి మాట్లాడినట్టు మాట్లాడింది, అయినా నాకే మాట్లాడింది. నేను తల ఊపాను. పిల్ల తల తిప్పి చూసింది, నేను ఊపడం చూసింది, మళ్ళీ గోడ వైపు తిరిగింది, కానీ చూసింది. నా కూతురు గుమ్మం దగ్గర తడి బట్టలు భుజాన వేసుకుని ఉంది. హాల్లోకి వచ్చాక అంది, "నాన్నా, దానికి అరచేతిలో వైకుంఠం చూపించకు. నువ్వు తల ఊపితే అది నిజమనుకుంటుంది." నేను తల ఊపితే నిజమే అనుకోవాలి, అలా అనుకోబట్టే రేవులో అంతమంది కాళ్ళూ చేతులూ ఉండాల్సిన చోట ఉన్నాయి.

పంకా జోరు తగ్గింది. దీపం ఉంది. ముక్కు మీద ఈగ వాలింది, తోలుకోలేదు, చేతులు ఒళ్ళో కట్టేసుకుని కూర్చున్నాను. ఇది నా అలవాటు. చూసేవాళ్ళు నన్ను దొరగారనుకుంటారు, ఎక్కడికెళ్ళినా చేతులు వెనక్కి కట్టుకునే నిలబడతాను కనక. దొరతనం కాదు. రేవులో నా పని ఓడ నోటి అంచున నిలబడి క్రేను తోలేవాడికి చేత్తో సైగ చెయ్యడం. వాడు ఎక్కడో పైన గదిలో ఉంటాడు, వాణ్ణి మేమంతా పైవాడు అనేవాళ్ళం, ఏదన్నా ఆలస్యమైతే అంతా పైవాడి దయ అని నవ్వుకునేవాళ్ళం. వాడికి ఓడ కడుపులో ఏముందో కనబడదు, కింద మనుషులు కనబడరు, వాడికి కనబడేదల్లా నా చెయ్యి. వేలు పైకెత్తి తిప్పితే ఎత్తు, వేలు కిందికి పెట్టి తిప్పితే దించు, పిడికిలి బిగిస్తే ఆపు. ఆ మోతలో అరిచినా వినబడదు, అందుకని అరవడం మానేశాం, తర్వాత మాట్లాడటం కూడా మానేశాం, నేనైతే ఇంటికొచ్చాక కూడా. చెయ్యి కదిపితే అది మాట. గోక్కుంటే మాట, చెమట తుడుచుకుంటే మాట. పక్క ఓడ మీద ఒకడు కందిరీగని తోలుకున్నాడు, తోలుకోవడం దించు అన్నట్టుంది, పైన వాడు దించాడు. కింద మనిషి బతికాడు గాని ఆ చేత్తో మళ్ళీ చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. ఆ రోజు నుంచి నేను ముక్కు దురద పెట్టినా కదలను. చూడకుండా సైగ చెయ్యను. అలాంటివాణ్ణి, ట్యాంకెక్కడుందో తెలీదు, దాని ఎత్తెంతో తెలీదు, దాని ఖరీదెంతో తెలీదు, తల ఊపాను. ఊపిన తల వెనక్కి తీసుకోవడానికి లేదు. పిడికిలి బిగించినా ఆగదు, అది పిల్ల కంట్లోకి వెళ్ళిపోయింది.

ఈగ లేచిపోయింది. ఎర్రగానే ఉంది.

ఒకాయన లోపలికి వచ్చాడు, మెడలో ఆఫీసు కార్డు పట్టీ, చంకలో తోలు సంచి. నేరుగా బల్ల దగ్గరికొచ్చి నా ట్యాంకుని ఎత్తాడు. నాదని అనలేను, కొనలేదు. నాది కాదని వదల్లేను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, పట్టీలు వేలితో లాగాడు, లాగకు నాయనా అందామనుకున్నాను. ఇదెంత, ఇంకోటుందా అన్నాడు. కొట్టావిడ తల ఎత్తకుండానే, "ఆ రకంలో అదొక్కటే మిగిలింది, అది బాబాయ్‌ది" అంది. కొన్నారా అన్నాడాయన. "కొనలేదు, కాపురం మాత్రం పెట్టాడు" అంది. ఆయన నవ్వి, నా వైపు చూసి, దాన్ని తీసిన చోటే పెట్టి, నడిమిది కట్టించుకుని వెళ్ళిపోయాడు. బ్యాటరీ తీగ కదిలిందేమో. వంగి చూశాను. ఎర్రగానే ఉంది. ఇందాకటికంటే కాస్త మసకగా ఉందా. నా కళ్ళేమో. ఎవరన్నా ఇంకొకరొచ్చి ఇదే అడిగితే ఆవిడ ఎన్నిసార్లని నాది నాదంటుంది. అడకత్తెరలో పోకచెక్కలాగుంది నా పని, కొననూ లేను వదలనూ లేను.

ట్యాంకు పిచ్చి మనవరాలికి ఆసుపత్రిలో పట్టుకుంది. పిల్లకి పుట్టుకతోనే తుంటి కీలు గూట్లో సరిగ్గా కూర్చోలేదు. కుంటుతూనే పరుగెత్తేది, ఉడుత అని పేరు పెట్టాం, దూలం మీదికీ గూట్లోకీ పాకేది, అది పాకని చోటు లేదు. ఎడమ కాలు పైకి లేవదు కనక ఎత్తుగా ఉన్నదేదైనా వెనక్కి తిరిగి ఎక్కేది. బడి బస్సు మెట్టు ఎత్తు, మిగతా పిల్లలు ముందుకెక్కుతారు, ఇది మెట్టుకి వీపు పెట్టి పిర్రలు ఆనించి చేతులతో లాక్కుని ఎక్కేది, ఎక్కేంతసేపూ నా వైపే చూస్తూ ఉండేది, చెయ్యి ఊపడానికి వీలుగా ఉందనేది. పెద్దయ్యాక మరీ కష్టమని డాక్టరమ్మ కోసి ఎముక సర్ది నడుము నుంచి రెండు కాళ్ళ వేళ్ళదాకా సిమెంటు కట్టు వేసింది. వానలు పూర్తిగా తగ్గేదాకా అది ఉండాలి. పక్కకి తిరగాలన్నా ఇద్దరు పట్టాలి. ఆసుపత్రిలో పక్క మంచం పిల్లాడికి ఇలాంటి ట్యాంకొకటుంది, పడుకునే దాన్ని మంచాల కింద తిప్పేవాడు, అది నర్సమ్మ చెప్పు మీదెక్కి దిగిపోతే ఆవిడ చెప్పుతో సహా ఎగిరింది, మా ఉడుత అప్పుడు నవ్వింది, కట్టు బిగుతై నవ్వితే నొప్పని ఏడుస్తూ నవ్వింది. ఇంటికొచ్చాక ఆ నవ్వు ఎక్కడ పారేసుకుందో. మొదటి రోజుల్లో తలుపు వైపే మొహం పెట్టుకుని పడుకునేది, హాల్లో వచ్చేపోయే మా కాళ్ళని చూస్తూ ఉండేది. ఒక రోజు వాళ్ళమ్మతో, నన్ను గోడ వైపు తిప్పమ్మా అంది. తిప్పాం. మళ్ళీ ఇటు తిప్పమనలేదు. మొన్న కట్టు చూడడానికి వెళ్తే డాక్టరమ్మ పిల్లతో నాలుగు మాటలు మాట్లాడబోయి, పలకకపోతే, బయటికొచ్చి మా ఇద్దరితో అంది, కట్టు నేను విప్పుతాను, కీలు నేను సరిచేశాను, నడవాలన్న ఆశ మాత్రం నేను పెట్టి కుట్టలేనండీ, అది పిల్లకే ఉండాలి అని. నా కూతురు ఆటోలో దారంతా బయటికే చూస్తూ వచ్చింది. నేను పిల్ల కట్టు మీద చెయ్యేసి కూర్చున్నాను, కుదుపుకి ఆపడానికి, గోడ మీద చెయ్యేసినట్టే ఉంది.

అందుకే గడప. ట్యాంకు గదిలో తిరిగితే చాలదు, ఆ గదిలో ఏముంది తిరగడానికి, మంచమూ గోడా. అది గడప దాటి హాల్లోకి రావాలి, వంటింట్లోకి పోవాలి, వాళ్ళమ్మ కాళ్ళకి తగలాలి, ఆమె కసురుకోవాలి, అది లోపలికి వినబడాలి. మంచం మీద నుంచి పిల్లకి గుమ్మం దాకానే గాని హాలంతా కనబడదు. కనబడకపోతే ఏం, నేను లేనా. గుమ్మంలో నిలబడతాను. వేలు తిప్పితే ముందుకి, చెయ్యి ఇటు చాస్తే ఇటు, పిడికిలి బిగిస్తే ఆపు. పైవాడికి ఓడ కడుపు కనబడిందా. పిల్ల మంచం మీదే ఉండి ఇల్లంతా తిరుగుతుంది. ఇది నేను నిన్న రాత్రే అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు, చెబితే నోట్లోంచి పోతుందేమో అనిపించింది. తలుపు వైపు తిరిగితేనే నా చెయ్యి కనబడుతుంది. అది కూడా అనుకున్నాను. అది మాత్రం పైకి అనుకోలేదు, లోపల్లోపలే.

కాళ్ళు తిమ్మిరెక్కాయి, లేచాను, మోకాలు మళ్ళీ కలుక్కుమంది, బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఈ మోకాలికి మా ఇంట్లో గడపలన్నీ తెలుసు. పిల్ల గదిలోకి పోయేటప్పుడు ఊరుకుంటుంది, బయటికొచ్చేటప్పుడు అరుస్తుంది. పోయేటప్పుడు ఊరుకుంటుంది. వచ్చేటప్పుడు అరుస్తుంది. పిల్ల గది మొదట్లో సామాన్ల గది, ఇల్లు కట్టాక ఎన్నో ఏళ్ళకి వేసింది, మేస్త్రీ నేల ఎత్తు చెయ్యకుండా వదిలేశాడు. హాలు కడిగితే నీళ్ళు గడప దాటి గదిలోకి దూకుతాయి, గది కడిగితే నీళ్ళు బయటికి రావు, గుడ్డతో తోడాలి. నేనే తోడాను ఎన్నిసార్లో. గదిలో నేల కింద. అవతల గడప ఎత్తు. నేను కొలిచింది ఇవతల, హాల్లో, నా వైపు. రేవులో కొత్తగా వచ్చిన వాడికి నేను నేర్పిన మొదటి మాట, నీ కుడి కాదురా, పైవాడి కుడి, నీ వైపు నుంచి చెప్పావంటే మనుషుల్ని చంపుతావు అని. నా కొలత నా వైపు నుంచి తీసుకున్నాను. దారం జేబులోంచి తీసి చూశాను. ముడి అబద్ధమాడదు, సరే, ముడి వేసినవాడి సంగతేంటి. ఈ ట్యాంకు ఇవతల నుంచి ఎక్కి అవతల దభీమని దూకుతుంది, గదిలో పడుతుంది, ఇక బయటికి రాదు. లోపలే, గోడ పక్కన, పిల్లలాగే. అది ఎన్నిసార్లు తోలినా ట్యాంకు గడపకి తల కొట్టుకుని ఆగిపోతుంది. అది చూడడానికి నేను డబ్బు పెట్టి కొని తీసుకుపోతున్నాను.

"పచ్చగైంది బాబాయ్" అంది కొట్టావిడ.

బ్యాటరీ దాని పొట్టలో పెట్టింది, రిమోటు చేత పట్టింది, ఆట పెట్టెలు రెండు ఒకదాని మీద ఒకటి పేర్చి నా దారం పక్కన పెట్టి చూసుకుంది, ముడిదాకా వచ్చింది. ట్యాంకు గురగురమని కదిలింది, ముక్కు ఎత్తింది, పట్టీలు జారాయి, పట్టుకున్నాయి, ఎక్కింది, అవతలికి దిగింది. "ఎక్కిందిగా, గుర్రంలాగా. కట్టనా?" అంది. ఊఁ అంటే అయిపోతుంది. ఎక్కిందన్నది అబద్ధం కాదు. సగం నిజం. సగం సైగ చేసిన వాణ్ణి నేను చూశాను. ముందు నుయ్యి వెనక గొయ్యి. తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు, ఫోను తీశాను.

ఫోనంటే నాకు భయం. అందులో చేతులుండవు. నా గొంతు నాకే పరాయివాడి గొంతులా వినబడుతుంది. కూతురు నంబరుకి మాత్రం దానికదే పోయేలా పెట్టిచ్చింది, ఆపద వస్తే నొక్కమని, ఇప్పటిదాకా నొక్కలేదు. నొక్కాను. కూతురే ఎత్తుతుందనుకున్నాను, లోపలి వైపు నుంచి గడప కొలువమ్మా అని అడుగుదామనుకున్నాను, ఎందుకంటే చెప్పాలి, తిడుతుంది, తిట్టనీ. మోగింది, మోగింది, ఎత్తారు.

"ఎవరు?"

పిల్ల. ఫోను దాని దిండు పక్కన ఉందన్న సంగతి మరిచాను. "నేనే" అన్నాను. "తాతా? నువ్వు ఫోన్లో మాట్లాడతావా?" అంది.

"గడప" అన్నాను. గొంతు సవరించుకున్నాను. "తల్లీ, మన గడప. నీ వైపు నుంచి ఎంతెత్తుంటుంది?"

ఎందుకని అడగలేదు. "నీ పిడికిలంత" అంది. "నువ్వు నా గదిలో కూర్చుని లేచేటప్పుడు నేల మీద పిడికిలి బోర్లా పెట్టి నొక్కుతావుగా. గడపా అదీ ఒకటే ఎత్తు. నేను చూశాను." ఎప్పుడు చూసిందో, ఆ తలుపు వైపు తిరిగి ఉన్న రోజుల్లో, ఎంతసేపు చూసిందో, గడప తప్ప చూడడానికి ఏమీ లేక. కొట్టు నేల మీద మోకాలు వంచి కూర్చున్నాను, పిడికిలి బోర్లా పెట్టాను. ముడికి రెట్టింపు. కొట్టావిడకి ఏమీ చెప్పలేదు, ఆవిడే చూసి ఇంకో రెండు పెట్టెలు తెచ్చి పేర్చి, నా పిడికిలి పక్కన కళ్ళు పెట్టి సరిచూసింది.

ట్యాంకు వచ్చింది. ముక్కు ఎత్తింది, ఎత్తింది, ఇంకా ఎత్తింది, నిలువుగా లేచి వెల్లకిలా పడింది. పట్టీలు గాల్లో తిరుగుతున్నాయి. నిలబెట్టాను. మళ్ళీ. మళ్ళీ వెల్లకిలా. దాని పొట్ట చప్పుడు కాస్త నీరసంగా వినబడింది, ఇంత కరెంటు తాగి ఇంతలోకే అయిపోతోందా. ఇంకోసారి ఆడించనా మాననా.

"అదేంటి చప్పుడు? తాతా, ట్యాంకా? పడిందా?"

చెయ్యి చెవి దగ్గర, ఫోను చేతిలో.

"తల ఊపుతున్నావా? నాకు కనబడదు. చెప్పు."

పడిందన్నాను. చెప్పేశాను. నిన్న ఊపిన తల వెనక్కి తీసుకున్నట్టే, ఇంక అది గోడ వైపు తిరుగుతుంది, ఇప్పటికే గోడ వైపే ఉంది, ఇంక ఎక్కడికి తిరుగుతుంది. ఫోను వేడిగా ఉంది చెవికి. పెట్టేసిందేమో. పెట్టెయ్యలేదు, ఊపిరి ఉంది.

"ఎలా పడింది?"

"వెల్లకిలా."

"ఊఁ" అంది, అన్నీ తెలిసిన మేస్త్రీలాగా. "నేను ముందుకెక్కినా అలాగే పడేదాన్ని. వెనక్కి తిప్పు తాతా. నేను బస్సెక్కినట్టు ఎక్కించు."

ట్యాంకుని చేతిలోకి తీసుకున్నాను. బ్యాటరీ వెనక ఉంది, బరువంతా అటే, ఎన్ని వేల పెట్టెలు ఎత్తించాను నేను, ఒక్కసారి చేత్తో తూచి చూడలేదు దీన్ని, భయంలో. వెనక్కి తిప్పి పెట్టాను. కొట్టావిడ రిమోటు పట్టుకుని నా వైపు చూస్తోంది. నా ఎడమ చేతిలో ఫోను ఉంది, కుడి చెయ్యి తనంతట తానే లేచింది, ఎన్నేళ్ళైందో అలా లేచి, వేలు మెల్లిగా తిప్పాను, వెనక్కి, మెల్లిగా. ఆవిడకి ఎవరు చెప్పారో, అర్థమైపోయింది. కానీ పిల్లకి నా చెయ్యి కనబడదు. చేత్తో ఆవిడకి చెబుతూ నోటితో పిల్లకి చెప్పాను, ఎలా చెప్పానో, ఇంత మాట నేను ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు, వస్తోంది తల్లీ, వెనక్కి వస్తోంది, ఆనింది, పట్టీ పట్టుకుంది, కాస్త జారింది, ఆగు, ఆగిందిలే, ఇప్పుడు మళ్ళీ, మెల్లిగా, లేస్తోంది, నడుము లేచింది, ఇంకొంచెం, ఇంకొంచెం, మధ్యలో ఊగుతోంది, అటా ఇటా అని ఊగుతోంది, నేను ఊపిరి తియ్యడం లేదు, కొట్టావిడా తియ్యడం లేదు, ఫోన్లో కూడా లేదు. అటే వాలింది. పైకి పోయింది. మూతి నా వైపే పెట్టుకుని, ఎక్కేంతసేపూ నా వైపే చూస్తూ, పెట్టెల మీదికి ఎక్కి కూర్చుంది.

"ఎక్కిందా?"

తల ఊపాను. కొట్టావిడ, "బాబాయ్, ఫోను" అంది.

"ఎక్కింది" అన్నాను. "ఎక్కిందమ్మా."

పిల్ల చిన్న గొంతుతో, "అయితే అది నా గదిలోంచి పోయేటప్పుడు దాని మొహం నా వైపే ఉంటుంది" అంది.

"నీ వైపే."

"హాల్లోకి పోయాక నాకెలా కనబడుతుంది?"

"నేనుంటాను గుమ్మంలో."

ఇంకేమీ అడగలేదు. ఫోను దిండు మీద పడ్డ చప్పుడు వినబడింది, పెట్టెయ్యడం మరిచింది. దూరంగా దాని గొంతు, కట్టుకి ముందు ఇంటి దూలాల మీంచి వినబడ్డ గొంతే, అమ్మా, అమ్మా ఇలా రా, పని తర్వాత చేసుకో, నన్ను తలుపు వైపు తిప్పు అని పిలుస్తోంది.

కొట్టావిడ ముక్కు తుడుచుకుని, పెట్టె మూత వెతికి, "కట్టనా బాబాయ్?" అంది.

తల ఊపాను.